తప్పు కొలబద్దతో కొలవండి

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే అహోబిలం బస్సు కోసం వెతుక్కోకండి. ఉలి చప్పుడు ఎటునుంచి వస్తోందో విని, ముందు అటు నడవండి. దేవుణ్ణి చూడకముందే దేవుణ్ణి చెక్కే చోటుకు వెళ్లడం పద్ధతి కాదని పెద్దవాళ్లు అంటారు. కొండెక్కి మొక్కు తీర్చుకుని, పొద్దుంటే తిరుగుదారిలో శిల్పుల దగ్గర ఆగడం మర్యాద. ఆ మర్యాదను ఒక్కరోజు పక్కన పెట్టమంటున్నాను. ఇకమీద చెప్పబోయేవన్నీ ఇలాంటివే, బళ్లో నేర్పేదానికి ఎదురు తిరిగేవే. ఒక్కోదాన్నీ చేసి చూశాకే చెబుతున్నాను.

బళ్లో ఏం నేర్పుతారో నాకు తెలుసు. నంద్యాలలో చాలా ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా అదే నేర్పాను. ఏ బొమ్మను ఆ బొమ్మ పుట్టిన సంప్రదాయంలోంచే చూడాలి, గ్రీకు విగ్రహానికి గ్రీకు కొలత, ఆగమ మూర్తికి ఆగమ కొలత, ఒకదాని కొలతతో ఇంకోదాన్ని కొలిస్తే అన్యాయం అని. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ దాన్ని బుద్ధిగా పాటించిన పిల్లలు నలభై నిమిషాలు ఒక శిల్పం ముందు నిలబడి, “చాలా బాగుంది సార్” అని మాత్రమే చెప్పగలిగేవాళ్లు. సరైన కొలబద్దతో కొలిస్తే ఏ బొమ్మయినా సరిగ్గానే సరిపోతుంది. సరిపోయాక చూడటానికి ఏమీ మిగలదు.

కాబట్టి అన్యాయం చేయండి, తెలిసి చేయండి. దానిది కాని కొలబద్ద తెచ్చి ఆనించండి. ఎక్కడ పొట్టి అయిందో, ఎక్కడ బయటికి పొడుచుకొచ్చిందో కాగితం మీద రాసుకోండి. కొలతకు లొంగకుండా మిగిలిపోయిన ఆ ముక్కే ఆ బొమ్మ సొంత ఆస్తి.

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. ఆళ్లగడ్డలో రేకుల షెడ్డు కింద ఒక ముసలి శిల్పి దగ్గర దొరికింది. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా లేవు. మనిషి శరీరాన్ని చూసి గీయడం కొత్తగా నేర్చుకుని వచ్చిన గర్వం ఉంది. సగం పూర్తయిన విష్ణుమూర్తిని చూసి, “ఆచారిగారూ, చెయ్యి పొడుగైంది” అన్నాను.

ఆయన ఉలి దించలేదు. “మనిషి చెయ్యితో కొలుస్తాండారా అయివారూ? మనిషి చెయ్యితో కొలిస్తే పొడుగే. ఇది మోకాలు దాకా రావల్ల. ఆజానుబాహువు గదా!”

నేను సిగ్గుపడ్డాను. తర్వాత చాలా ఏళ్లకు అర్థమైంది, సిగ్గుపడాల్సిన పని లేదని. మనిషి చేతితో కొలిచాను కాబట్టే ఆ చెయ్యి పొడుగుదని కనిపెట్టాను. ఆగమం చదువుకుని వెళ్లి ఉంటే, అలా ఉండాలి కాబట్టి అలా ఉందనుకుని దాటిపోయేవాణ్ణి. ఆ చెయ్యి మనిషిది కాదనే సంగతి నా కంటికి ఎప్పటికీ ఆనేది కాదు.

ఆరోజు ఆయన మూర్తి నడినెత్తి నుంచి పాదాల మధ్యకు దారం వేలాడేసి చూపించాడు. దాన్ని బ్రహ్మసూత్రం అంటారు. అడ్డంగా ఎర్ర గీతలు. ఒక్కో గీతకూ లెక్క ఉంది. తాళం అంటే పన్నెండు అంగుళాలు. విష్ణువు, శివుడు లాంటి పెద్ద దేవుళ్లకు ఉత్తమ దశతాళం, అంటే పది తాళాల 120 మీద ఇంకో నాలుగు కలిపి 124 అంగుళాలు. నవతాళం 108. వినాయకుడికి ఐదు తాళాలు చాలు. అంగుళం అనగానే స్కేలు తీయకండి. మూర్తి మొత్తం ఎత్తును 124 భాగాలు చేస్తే అందులో ఒక భాగం అంగుళం. పూజగదిలో పట్టే మూర్తికీ, ఆరుబయట నిలబెట్టే నిలువెత్తు మూర్తికీ అవే 124. ఎంత పెద్దగా ఉండాలో ఈ తాళం లెక్క చెప్పదు. ఏది దేనికి ఎంతలో ఉండాలో మాత్రమే చెబుతుంది. ఆ సంగతి తెలిశాక మళ్లీ ఆ విష్ణుమూర్తి దగ్గరికి వెళ్లి స్కేలుతోనే కొలిచాను. అంకెలు వచ్చాయి గానీ వాటిలో మూర్తి లేదు. కొలిచాకే తెలిసింది, ఆ రాయి నిండా ఉన్నది నిష్పత్తులేనని.

*

ముఖానికి చేయి అడ్డం పెట్టండి

శిల్పం ముందు నిలబడితే కన్ను నేరుగా ముఖానికే పోతుంది. నవ్వుతున్నాడా, కోపంగా ఉన్నాడా? అది తేలగానే పని అయిపోయిందనుకుంటాం. భావం ముఖంలో ఉంటుందన్న నమ్మకం మనకు సినిమా నుంచి వచ్చింది. తెర నిండా ముఖాలు చూసి పెరిగాం. అందుకే ముఖాన్ని కప్పేయమంటున్నాను. ఒక కన్ను మూసి, అరచేతిని చాచి, మూర్తి తల కనబడకుండా చేయండి. గర్భగుడిలో వద్దు, అక్కడ అది తప్పుగా ఉంటుంది. పనిశాలలోనో మండపస్తంభం దగ్గరో చేయండి.

నరసింహుడి విషయంలో ఇది చేసి చూడండి. అహోబిలం కొండమీద జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి తొడమీద పడుకోబెట్టుకుని చీలుస్తుంటాడు. తల కప్పేస్తే, గోళ్లు కూడా కప్పేస్తే, మిగిలేది ఒక ఒడి. అడ్డంగా పడుకున్న ఒక దేహం. మన ఇళ్లల్లో నలుగుపెట్టి నీళ్లు పోసేటప్పుడు పిల్లవాణ్ణి కాళ్లమీద వేసుకుంటారే, అదే ఒడి. నేల మీద గానీ ఆకాశంలో గానీ చావు రాకూడదన్న హిరణ్యకశిపుడి వరం షరతు తీర్చడానికి ఆ తొడ అవసరమైంది, నిజమే. కానీ శిల్పి దగ్గరికి వచ్చేసరికి ఆ షరతు మనకు బాగా తెలిసిన ఒక ఆకారంగా మారింది. ఇప్పుడు మాలోల నరసింహుడి దగ్గరికి నడవండి. అదే తొడమీద లక్ష్మి కూర్చుని ఉంటుంది. శత్రువుకు దొరికిన చోటే భార్యకూ దొరికింది. ముఖాలు చూస్తూ పోతే రౌద్రం, శాంతం అని రెండు పేర్లు పెట్టి వచ్చేస్తాం. ఒడిని చూస్తే రెండూ ఒకటే బొమ్మకు రెండు మలుపులని తెలుస్తుంది.

వెనకనుంచి మొదలుపెట్టండి

ఇది చిన్న సలహా. గుడిలో వీలుపడదు కాబట్టే పనిశాలకు ముందు వెళ్లమన్నది. వెనక వైపు ఎంతవరకు చెక్కారో చూస్తే, ఆ మూర్తి గోడకు ఆనించి పెట్టేదా, నాలుగువైపులా జనం తిరిగేదా తెలిసిపోతుంది. ఎవరు ఎటునుంచి చూస్తారో శిల్పి ముందే ఊహించుకుని చేసిన లెక్క అది.

వెనకవైపు ఎంత దాగి ఉంటుందో హంపి చెబుతుంది. కృష్ణదేవరాయలు 1528లో చెక్కించిన ఏకశిలా నరసింహుడు 22 అడుగుల ఎత్తు. గుడ్లు ఉబ్బి, కోరలు బయటపడి, చూసిన ప్రతివాళ్లూ ఉగ్ర నరసింహుడంటారు. పర్యాటకులకు చెప్పేవాళ్లూ అదే పేరు చెబుతారు. కానీ ఆయన్ను చెక్కింది లక్ష్మీ నరసింహుడిగా. ఒడిలో ఉన్న లక్ష్మిని పగలగొట్టేశారు. వెనక్కి వెళ్లి చూడండి, ఆమె చెయ్యి ఇప్పటికీ ఆయన వీపు మీద ఉంది. మనిషి లేదు, కౌగిలి మిగిలింది. ముందునుంచి చూసినంతకాలం ఆ శిల్పం కోపం. వెనకనుంచి చూసిన క్షణంలో అది విరహం. రాయి మారలేదు. రసం ఎక్కడుందన్న ప్రశ్నకు అలంకారశాస్త్రం చదివినవాళ్లు ఎన్ని పేజీలు రాసినా, నాకు ఆ ఒక్క చెయ్యి చాలు.

*

కొండమీదికి జర్మనీ పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి

అన్నిటికన్నా తప్పుగా వినిపించే సలహా ఇదే. నాకు ఎక్కువ ఇచ్చిందీ ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గొట్‌హోల్డ్ లెస్సింగ్ అనే జర్మన్ రచయిత 1766లో ‘లావొకోవన్’ అనే పుస్తకం రాశాడు. రోములో 1506లో తవ్వకాల్లో దొరికి, వాటికన్‌లో ఉన్న పాలరాతి విగ్రహం పేరు అది. పాములు చుట్టుకుని చంపుతున్న తండ్రీ ఇద్దరు కొడుకులూ. అంత బాధలోనూ తండ్రి నోరు పూర్తిగా తెరిచి ఎందుకు అరవడం లేదన్నది లెస్సింగ్ ప్రశ్న. ఆయన జవాబు స్థూలంగా ఇది. కవిత్వం కాలంలో నడుస్తుంది, శిల్పం చోటులో నిలుస్తుంది. శిల్పికి దొరికేది ఒకే ఒక్క క్షణం. కాబట్టి కథ పతాకస్థాయికి చేరిన క్షణాన్ని చెక్కకూడదు. దానికి ముందు క్షణాన్ని ఎంచుకోవాలి. అప్పుడే చూసేవాడి ఊహకు ముందుకు పోవడానికి దారి ఉంటుంది. పతాకస్థాయి చూపిస్తే ఊహ రెక్కలు కట్టేసినట్టే.

ఇప్పుడు ఈ కొలబద్దను నరసింహుల మీద పెట్టండి. బాదామి మూడో గుహలో, 578 నాటి నరసింహుడు నిలబడి ఉంటాడు. పోరు లేదు, తొందర లేదు. లెస్సింగ్ తల ఊపుతాడు. ఎల్లోరా పదిహేనో గుహలో నరసింహుడూ హిరణ్యకశిపుడూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. చెయ్యి పడింది, తీర్పు ఇంకా పడలేదు. లెస్సింగ్ ఇక్కడ లేచి నిలబడి చప్పట్లు కొడతాడు, ఆయన కోరిన క్షణం సరిగ్గా ఇదే. ఇక జ్వాలా నరసింహుడి దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద విరిగిపోతుంది. పొట్ట చీలుతోంది, పేగులు బయటికి వస్తున్నాయి. చెక్కకూడదన్న క్షణాన్నే చెక్కి పెట్టారు.

ఇక్కడ ఆగి, “మన కళ వేరు, వాళ్ల కొలత మనకెందుకు” అనేసి దిగి రావచ్చు. చాలామంది అలాగే అంటారు. నేనూ అన్నాను. అలా అనడం వల్ల మన శిల్పానికి గౌరవం పెరిగిందని అనుకుంటాం గానీ, దాన్ని చూడటం అక్కడితో మానేస్తున్నాం. కొలత ఎందుకు విరిగిందో వెతకండి.

నాకు దొరికింది చెబుతాను. లెస్సింగ్ ఊహించుకున్న చూపరి ఒకచోట నిలబడి ఉన్నాడు. అహోబిలంలో చూపరి నడుస్తున్నాడు. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంబడి రాళ్లమీద కాలు జారకుండా చూసుకుంటూ జ్వాలా నరసింహుడి దాకా వెళ్తారు. ఉక్కుస్తంభం అని పిలిచే కొండకొమ్ము పైన కనబడుతుంది, దేవుడు పుట్టుకొచ్చింది అక్కడే అంటారు. అది కథలో ముందు క్షణం. జ్వాలా దగ్గర చీల్చిన క్షణం. పక్కనే రక్తకుండం, చేతులు కడుక్కున్న క్షణం. మాలోల దగ్గర లక్ష్మి వచ్చి కూర్చుంది. యోగానందుడి దగ్గర కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఛత్రవటం దగ్గర, చెట్టునీడన, గంధర్వుల పాటకు తాళం వేస్తున్నాడని చెబుతారు. కాలాన్ని ఒక్క రాతిలో ఇరికించాల్సిన అవసరం ఆ కొండకు లేదు. తొమ్మిదిచోట్ల పరిచిపెట్టింది. ముందుకూ వెనక్కూ పోవాల్సింది ఊహ కాదు, కాళ్లు. పతాకస్థాయిని చెక్కినా ఫరవాలేదని ఆ శిల్పులకు తెలుసు, ఎందుకంటే మీరు అక్కడే ఉండిపోరు. గంటలో మాలోల చేరుతారు.

లెస్సింగ్‌ను వెంట తీసుకెళ్లకపోతే ఈ సంగతి నాకు తెలిసేది కాదు. నవ నరసింహులను తొమ్మిది గుళ్లుగా లెక్కపెట్టి, ఎన్ని చూశాం, ఎన్ని మిగిలాయి అని చూసుకుని దిగి వచ్చేవాణ్ణి. ఆయన తప్పు కొలతే ఆ తొమ్మిదీ ఒకే శిల్పమని చూపించింది.

మరో మాట. ఆ శిల్పం చోటులో నిలిచి కూడా ఉండదు. కనుమ పండగ నాడు అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరుతాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ నలభై రోజులకు పైగా పల్లకిలో తిరుగుతాడు, తన పెళ్లికి పిలవడానికి. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నల్లమల చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. అరుగు మీద పల్లకి దించి, ఇంటి ముందుకొచ్చిన అల్లుణ్ణి చూసే చూపులో రౌద్రం, శాంతం అన్న మాటలే రావు. వరస కలుస్తుంది, అంతే. శిల్పాన్ని చూసే కళ్లలో చుట్టరికపు చూపు ఒకటుందని ఏ పుస్తకం చెప్పగా నేను చదవలేదు. దిగువ అహోబిలం మండపంలో చెంచులక్ష్మి, నరసింహుల స్తంభశిల్పాలు చూసేటప్పుడు ఆ చూపుతో చూడండి. అక్కడ దేవుడు అచ్చం కొత్త అల్లుడిలాగే ఉంటాడు.

*

కోరికతో వెళ్లండి, మొక్కుతో వెళ్లండి

అందాన్ని చూడాలంటే స్వార్థం లేకుండా చూడాలని జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో రాశాడు. ఆ వస్తువు నాకు కావాలి, నాకు పనికొస్తుంది అన్న ఆలోచన ఉంటే అది అందం తీర్పు కాదన్నాడు. కళ గురించి మాట్లాడేవాళ్లంతా ఏదో ఒక రూపంలో ఇదే చెబుతారు, భక్తిని గుడి బయట వదిలి శిల్పాన్ని చూడమని. నేను తిరగేసి చెబుతున్నాను. ఏదో ఒకటి అడగడానికి వెళ్లండి. బిడ్డ జ్వరం తగ్గాలనో, బోరులో నీళ్లు పడాలనో.

చీకటి గర్భగుడిలో హారతి పైకి లేచినప్పుడు వెలుగు కిందనుంచి పడుతుంది. నల్లరాతి మీద నూనె మెరుపు. రెప్పపాటు కాలం కనుబొమల నీడ నుదుటిమీదికి పాకి, ముఖం కదిలినట్టు అనిపిస్తుంది. తర్వాత మళ్లీ చీకటి. అవసరం ఉన్నవాడు ఆ రెప్పపాటును ఒడిసిపట్టుకుంటాడు. తీరిగ్గా చూద్దామని వెళ్లినవాడికి అది సరిపోదు, లైటు వేయమంటాడు. ఆ మూర్తిని లైటు కోసం చెక్కలేదు. అంతే కాదు, దాన్ని బట్ట లేకుండా, పూలు లేకుండా చూడాలని కూడా అనుకోకండి. “అలంకారం కింద శిల్పం కనబడటం లేదు” అని నేనూ ఒకప్పుడు విసుక్కున్నాను. పట్టు, చందనం, తులసిమాల, వెండి కవచం, అవన్నీ కలిపితేనే ఆ మూర్తి. శిల్పి చేసింది అందులో ఒక పొర, మొదటి పొర. పనిశాలలో మీరు చూసిన మూర్తి అసలైనది, గుడిలో చూసింది కప్పేసినది అనుకుంటే లెక్క తప్పింది. పనిశాలలోదే ఇంకా పూర్తి కాలేదు.

అయితే కాంట్‌ను పూర్తిగా వదిలేయకండి. మొక్కు తీరాక, దర్శనం అయ్యాక, బయటి ప్రాకారం దగ్గరికి ఆయన కళ్లతో వెళ్లండి. శ్రీశైలం ప్రాకారపు గోడమీద ఏనుగులు, వేటలు, కథలు వరసలుగా చెక్కి ఉన్నాయి. ఆ గోడ మిమ్మల్ని ఏమీ అడగదు, మీరూ ఏమీ అడగరు. అలాంటిచోట స్వార్థం లేని చూపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒకే గుడిలో లోపలికో కన్ను, బయటికో కన్ను కావాలి.

రెండు నందులను తారుమారు కొలతలతో కొలవండి

నంద్యాల పేరులోనే నంది ఉంది. చుట్టూ తొమ్మిది నందుల క్షేత్రాలు, మహానంది వాటిలో పెద్దది. ఇక్కడివాళ్లకు నంది శిల్పం అంటే రోజూ చూసే ముఖం, అందుకే చూడం. చూడటానికి ఒక మార్గం ఉంది. యాగంటి బసవన్ననూ లేపాక్షి బసవన్ననూ మనసులో పక్కపక్కన పెట్టండి.

లేపాక్షి నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. మెడలో హారాలు, గంటలు, చెవులకు ఆభరణాలు, లేవబోతున్నట్టు ఎత్తిన మెడ. పనితనంతో కొలిస్తే యాగంటి బసవన్న దాని ముందు నిలవలేడు. మొరటు రాయి, మెత్తబడిన అంచులు. యాగంటి బసవన్న గురించి మాత్రం ఎవరూ పనితనం మాట్లాడరు. పెరుగుతున్నాడని చెబుతారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు స్తంభానికీ ఆయనకూ మధ్య మనిషి పట్టడనీ అక్కడివాళ్లు చెబుతారు. కలియుగం చివర రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం పేరుమీద చెప్పుకుంటారు. ఆ బ్రహ్మంగారు బనగానపల్లెలో ఉన్నవారే, యాగంటికి పొరుగువారే.

ఇప్పుడు కొలతలు మార్చండి. లేపాక్షి నందిని ‘పెరుగుతోందా?’ అని అడగండి. పెరగదు, పెరగనక్కర్లేదు. దాన్ని చెక్కిన రోజే అయిపోయింది, ఇక ఏమీ కలపలేం. దాని అందమంతా ఆ అయిపోవడంలో ఉంది. యాగంటి నందిని ‘ఎంత బాగా చెక్కారు?’ అని అడగండి. చెక్కడం సగంలో ఆపినట్టుంది, మిగతాది రాయి తనే చూసుకుంటుందన్నట్టు. దాని అందమంతా ఇంకా కాకపోవడంలో ఉంది. ఒకటి పూర్తయిన వాక్యం, ఇంకొకటి ఎదురుచూపు. సరైన ప్రశ్నలు వేసి ఉంటే ఒకదానికి శిల్పమనీ ఇంకొకదానికి మహిమ అనీ పేర్లు పెట్టి, రెంటినీ రెండు వేర్వేరు అరల్లో సర్దేసేవాళ్లం.

*

కూడలిలో నాయకుడి విగ్రహాన్ని ఆగమంతో కొలవండి

దేవుణ్ణి చెక్కే చేతులే నాయకుణ్ణీ చెక్కుతాయి. ఆళ్లగడ్డ పనిశాలల్లో వినాయకుడి పక్కన ఖద్దరు చొక్కా మనిషి నిలబడి ఉండటం మామూలే. చదువుకున్నవాళ్లు ఆ విగ్రహాల ముందు ఆగరు, అవి కళ కాదని. మీరు ఆగండి. మనుషుల బొమ్మలు ఎంత బాగా చేసినా మేలు చేయవనీ, దేవతామూర్తి లోపంతో ఉన్నా మేలే చేస్తుందనీ శుక్రనీతి చెప్పింది. అంత గట్టిగా వద్దన్న పనిని ఇన్ని కూడళ్లలో ఎందుకు చేస్తున్నామో ఆ విగ్రహాల ముందే తెలుస్తుంది.

నాయకుడి విగ్రహానికి జనం పెట్టే పరీక్ష ఒకటే: పోలిక వచ్చిందా? చిత్రకళకు చెప్పిన ఆరు అంగాల్లో, అంటే షడంగాల్లో, సాదృశ్యం (పోలిక) ఒకటే ఒక అంగం, మిగతా ఐదూ అడగరు. మీరు పోలిక వదిలేసి చేతుల దగ్గర చూడండి. ఆగమంలో చేతులకు భాష ఉంది. ఎత్తి చూపిన అరచెయ్యి అభయం, అది దేవుడు భక్తుడికి ఇచ్చేది. జోడించిన రెండు చేతులు అంజలి, అది భక్తుడు దేవుడికి పెట్టేది. కూడలిలో చెయ్యి ఎత్తి జనానికి అభివాదం చేస్తున్న నాయకుణ్ణి ఈ భాషలో చదవండి. ఆయన అభయమిస్తున్నాడు. ఇంకో కూడలిలో చేతులు జోడించిన నాయకుణ్ణి చదవండి. ఆయన మొక్కుతున్నాడు, రోడ్డుమీద పోతున్న మనం దేవుళ్లం. విగ్రహం చేయించినవాళ్లు ఫోటో ఇచ్చి అలాగే కావాలని అడిగి ఉంటారు, మరో ఆలోచన ఉండి ఉండదు. కానీ ఆ ఫోటో శిల్పి చేతిలోకి వెళ్లినప్పుడు వందల ఏళ్ల ముద్రలున్న చెయ్యి దాన్ని అందుకుంది. నేను నంద్యాలలో కూరగాయలకు వెళ్తూ ఇలాంటి విగ్రహాల కింద నిలబడి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఊరు తన నాయకులతో ఏ సంబంధం కోరుకుంటుందో ఓట్ల లెక్కలో కన్నా అక్కడే బాగా కనబడుతుందని నా నమ్మకం.

నచ్చనిదాని తరఫున వాదించండి

రెండు బొమ్మలను పోల్చమంటే నచ్చినదాన్ని పొగుడుతూ నచ్చనిదాన్ని మెట్టుగా వాడుకుంటాం. అలా కాదు. నచ్చనిదానికి వకీలుగా నిలబడండి, మనస్ఫూర్తిగా వాదించండి.

నాకు గోపురాల మీద వేసే గాఢమైన రంగులు నచ్చేవి కావు. ఆకుపచ్చ, గులాబీ, నీలం, మెరిసే పెయింటు. కొండ మీది నల్లరాతి గాంభీర్యం చూసి వచ్చాక అవి కంటికి గుచ్చుకునేవి. ఒకరోజు కూర్చుని వాటి పక్షాన రాయడం మొదలుపెట్టాను. రాయగా రాయగా తెలిసింది, తెల్లని పాలరాతిలోనే గొప్పతనం ఉందని యూరపు పెద్దలు ఎంతో మెచ్చుకున్న గ్రీకు విగ్రహాలకు కూడా మొదట్లో రంగులు ఉండేవని. వానకూ మట్టికీ రంగు పోయిన విగ్రహాలను చూసి తెలుపే ఆదర్శం అనుకున్నారు. మన నల్లరాయి గాంభీర్యం కూడా అంతే, ఎన్నో ఏళ్లు నూనె పడి, దీపం పొగ పట్టి వచ్చిన నలుపు అందులో కొంత. అంటే నాకు నచ్చినది కాలం వేసిన రంగు, నచ్చనిది మనిషి వేసిన రంగు. నా ఇష్టాన్ని నేను మార్చుకోలేదు. ఇప్పటికీ ఆ గులాబీ రంగు నాకు పడదు. కానీ దూరంనుంచి, పొలాల మధ్యనుంచి, ఎండలో ఆ గోపురం కనబడినప్పుడు, నడిచి వస్తున్న మనిషికి అది దారి చూపే పని చేస్తుందని ఒప్పుకుంటాను. నల్లరాయి ఆ పని చేయలేదు.

*

మిగతావి త్వరగా చెబుతాను. ఫోటో తీయకండి, బొమ్మ గీయండి, అది ఎంత బాగా రాకపోతే అంత మంచిది. తప్పుగా గీసిన చోటే మీరు చూడని చోటు. “జీవకళ ఉట్టిపడుతోంది” అన్న మాట ఒక్క సంవత్సరం నోట రానివ్వకండి. దాని బదులు మోకాలు గురించో, నిలుపు నిటారుగా ఉండే సమభంగమో మూడు వంపుల త్రిభంగమో అనో, రాయి గరుకు గురించో ఒక్క వాక్యం చెప్పండి. అది ఎంత కష్టమో తెలుస్తుంది.

‘అసలు’ను చూసి ‘నకలు’ను తీసిపారేయకండి. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇక్కడి మూర్తులు సముద్రాలు దాటి గుళ్లలో కొలువుంటున్నాయి. అవి ఏ ఒక్క అసలుకూ నకళ్లు కావు, అసలుకు తగ్గట్టుగా మళ్లీ పుట్టినవి. శాస్త్రం కోరింది అదే. పటాల్లో సంతకం వెతికే అలవాటున్నవాళ్లు ఇక్కడ సంతకం లేదని బాధపడతారు. ఆ లేకపోవడాన్నే నోటు పుస్తకంలో రాసుకోమంటాను. కట్టరు, గ్రైండరు వచ్చాక పని త్వరపడింది, నునుపు పెరిగింది. దాన్ని తిట్టకుండా, ఉలి దెబ్బలున్న పాత రాయి మీద ఒకసారి, యంత్రం తాకిన కొత్త రాయి మీద ఒకసారి వేళ్లు ఆనించి చూడండి. శిల్పి అనుమతి అడిగాకే.

రాయి మగదో ఆడదో కొట్టి వినమని శిల్పిని అడగండి. సుత్తితో తడితే గంటలా మోగేది ఒకటి, మెత్తగా పలికేది ఒకటి, మోగనిది ఒకటి. దేవుడికి ఏది, దేవికి ఏది, పీఠానికి ఏదో ఆ చప్పుడుతో తేలుస్తారు. శిల్పాన్ని చెవితో మొదలుపెట్టడం అంటే ఇదే.

సాయంత్రం కొండ దిగి, బస్సుకు అరగంట ముందు మళ్లీ పొద్దున చూసిన పనిశాలకే వెళ్లండి. కళ్లు ఇంకా తెరవని మూర్తి ఒకటి ఉంటుంది. ప్రతిష్ఠ నాడు కన్ను తెరిచేదాకా అది రాయే అంటారు శిల్పులు, దాని మీద చొక్కా ఆరేసి ఉన్నా వాళ్లకు తప్పనిపించదు. ఆ మూర్తి చేతిని చూడండి. పొద్దున వచ్చినప్పుడు పొడుగ్గా అనిపించింది గదా. ఇప్పుడు పొడుగ్గా అనిపించకపోతే, మీ చేతిలో ఉన్న కొలబద్ద పాతబడింది. షెడ్డు మూలలో ఇంకోటి వెతుక్కోండి. సుత్తి పిడి అయినా సరే.